కానాగంతల కాపలాకు ఒక గోల పెట్టె

నేను ఒక గోల పెట్టెను. అరచేతిలో ఇమిడిపోతాను. అర్థమున్న మాట ఒక్కటీ రాదు నాకు. వైర్‌లెస్ అలల్లో ఊరికే రొద చేయడమే నా ఉద్యోగం. మనుషుల్లో ఈ పని జీతం లేకుండా చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, నన్ను మాత్రం పనిగట్టుకుని తయారుచేశారు.

చేసింది సుహాసిని, శ్రీకాకుళం కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే అమ్మాయి. చేయించుకున్నది భావనపాడు ఎల్లాజీ. అతని బోటు మీంచి ఒక పాత డ్రోన్ ఎగిరి, చేపల గుంపు ఎక్కడుందో బొమ్మ పంపేది. గాలిలో వచ్చే బొమ్మకు తలుపులుండవు కదా! పక్క బోటు సింహాద్రి బజారులో ఓ రిసీవరు కొనుక్కుని, అదే బొమ్మ చూసి, పెద్ద ఇంజనుతో ముందే పోయి వల వేసేవాడు. ఈసారీ ఖాళీ వల లాగితే బోటు అమ్మేసి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు కూలికి పోవడమేనన్నాడు ఎల్లాజీ. ఆ మాటకు నాకు దిగులేసింది.

మొదటి రోజు సుహాసినితో పాటు బోటెక్కి కూర్చుని గొంతు చించుకున్నాను. సింహాద్రి తెర మీద చుక్కలే, మా తెర మీదా చుక్కలే!

"ఏటమ్మా ఇది, మన కంట్లో మనమే కారం కొట్టుకున్నట్టుంది," అన్నాడు ఎల్లాజీ.

సుహాసిని నాలుక్కరుచుకుంది. నా రొద ఏ వరసలో సాగుతుందో ఆ రాత్రే మా రిసీవరుకు నేర్పింది. ఇక అది నా గోలను తీసేసి, మిగిలిన బొమ్మను చూపించేది.

మర్నాడు తెల్లారగానే డ్రోన్ లేచింది, నేనూ మొదలెట్టాను. సింహాద్రి బోటు దిక్కు తోచక అక్కడక్కడే తిరిగింది. మా వల పడింది. లాగుతుంటే కానాగంత చేపలు ఎగిరెగిరి పడ్డాయి. బోటు నిండిపోయింది, వలలో ఇంకా సగం ఉన్నాయి. ఇక లాగితే బోటు మునుగుతుంది, ఆగితే వల చిరుగుతుంది. అలాంటప్పుడు దగ్గర్లో ఉన్న బోటును పిలవడం అక్కడి కట్టుబాటు. దగ్గర్లో ఉన్నదేమో సింహాద్రి!

ఎల్లాజీ కాసేపు మీసం మెలిపెట్టాడు. "అమ్మా, దాని గోల ఆపు," అన్నాడు. సుహాసిని నా మీట నొక్కింది. అతను తువ్వాలు ఊపుతూ, "ఒరే సింహాద్రీ! బేగి రారా! వల సిరిగిపోతంది, సేపలట్టుకెల్లు!" అని అరిచాడు.

అంత కష్టపడి నేను దాచిన చోటును తానే కేకేసి చెప్పేశాడు. నాకు కోపం రావాలి, రాలేదు. సింహాద్రి తల వంచుకుని వచ్చి వల అందుకున్నాడు.

"దొంగ సూపులెందుకురా నీకు?"

"అడిగితే సెప్పీవోడివా మావా?"

"సెప్పను," అన్నాడు ఎల్లాజీ నవ్వుతూ. "వల నిండితే పిలుత్తాను."

వెరావల్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను రోజూ గోల చేస్తూనే ఉన్నాను. నా నోరు మూయించారంటే వల నిండి, పక్క బోటును పిలుస్తున్నారన్నమాట. నోరు మూయిస్తే ఇంత సంబరపడే వాగుడుకాయ ఈ లోకంలో నేనొక్కదాన్నే.