ఎడమ భుజం గుండీలు

ఆ ఇంట్లో ఎవరికి బిడ్డ పుట్టినా తొలి స్వెటర్ పెద్దకోడలే అల్లేది. పదకొండు మంది పిల్లలు, పదకొండు స్వెటర్లు. తన కడుపున పుట్టినవాళ్ళు ఇద్దరే, మిగతావన్నీ చుట్టాల పిల్లలవి. ఎవరికి నెలలు నిండుతున్నా ముందు డాక్టరుకు, ఆ వెంటనే పెద్దకోడలికి కబురు వెళ్ళేది. ఆవిడ కాస్త బెట్టు చేసి, తీరిక ఎక్కడుందని నసిగి, ఆ సాయంత్రమే సూదుల మీద కుట్లు ఎక్కించేది.

అలాంటిది పన్నెండోదాని దగ్గరకొచ్చేసరికి ఆడపడుచు ఫోన్ చేసి, స్వెటర్ చిన్నొదిన చేత అల్లిద్దామంది. పెళ్ళైన ఎనిమిదేళ్ళకు కడుపు పండిన పిల్ల, దాని మాట ఎవరు కాదంటారు? పెద్దొదినకు వేళ్ళ నొప్పులు కదా, శ్రమ పెట్టడం ఎందుకు, చిన్నొదిన అల్లిన టోపీ ఫొటో చూశాను, ఎంత ముద్దుగా ఉందో అని ప్రేమగానే చెప్పింది. ఆ ప్రేమే పెద్దకోడలికి మింగుడుపడలేదు. వేళ్ళ నొప్పులని నలుగురికీ చెప్పుకున్నది తనే, అబద్ధమేం కాదు. కానీ చెప్పుకున్నది "అయ్యో, ఇంత నొప్పిలోనూ అల్లుతోందే" అనిపించుకోవడానికి. సూదులు లాక్కోమని కాదుగా!

చిన్నకోడలు ఆ ఇంటికొచ్చి రెండేళ్ళు. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే ఉద్యోగం. సూదులు పట్టుకుని నిండా ఏడు నెలలు కాలేదు. మొదట నేర్పమని అడిగింది పెద్దకోడలినే. ఇవాళ పనుందని ఒకసారి, రేపు చూద్దామని ఒకసారి, ఇవి చెప్తే వచ్చేవి కావమ్మాయ్ అని ఒకసారి ఆవిడ దాటేసింది. ఈ పిల్ల నాలుగు రోజులు చూసి మానుకుంటుందిలే అనుకుంది.

మానుకోలేదు. గ్రంథాలయంలో అల్లిక పుస్తకాలు ఎన్నుంటే అన్నీ తెచ్చింది. ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి వీడియోలు చూసింది. మధ్యాహ్నం భోజనం మానేసి ఊలు కొట్టుకి వెళ్ళి, ఆ కొట్టావిడని ప్రశ్నలతో కాల్చుకు తింది. ఎక్కడ ఏం నేర్చుకుందో ఒక నీలం అట్ట నోటుపుస్తకంలో రాసుకునేది. ఆ పుస్తకం కనపడితే చాలు పెద్దకోడలికి ఒళ్ళు మండేది. తను నేర్చుకున్న రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి? అమ్మ పక్కన కూర్చుని, కుట్టు జారినప్పుడల్లా వేళ్ళ మీద ఒకటి తిని, అల్లింది విప్పి, విప్పింది మళ్ళీ అల్లి, నాలుగేళ్ళు పడితే గానీ ఒక స్వెటర్ చెయ్యి కుదరలేదు. ఈవిడగారికి ఏడు నెలల్లో వచ్చేసింది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

అసూయేనా అంటే అసూయే. ఇందులో దాచడానికేం లేదు. అత్తగారు చిన్నకోడలి అల్లిక పట్టుకుని "కుట్లు ఎంత సమానంగా ఉన్నాయో" అన్న రోజున పెద్దకోడలికి అన్నం సయించలేదు.

అంతలో ఒక ఆదివారం పొద్దున చిన్నకోడలు తనే వచ్చి, పసిపిల్లల స్వెటర్ మీరు ఎలా అల్లుతారో ఒక కాగితం మీద రాసివ్వమని అడిగింది. పుస్తకంలో ఒకటుందట, కానీ మీది కావాలంది. పెద్దకోడలు ఈసారి దాటెయ్యలేదు. తీరిగ్గా కూర్చుని, గుండ్రటి అక్షరాలతో, ఎన్ని కుట్లు ఎక్కించాలి, చంక దగ్గర ఎన్ని తగ్గించాలి, మెడ పట్టీ ఎంత వెడల్పు, అన్నీ పూసగుచ్చినట్టు రాసింది. ఒక్క వాక్యం తప్ప. ఎడమ భుజం మూసెయ్యకుండా వదిలి, అక్కడ గుండీల పట్టీ అల్లాలి. లేకపోతే పసిబిడ్డ తల పట్టదు.

తప్పు రాయలేదు, ఒక్క మాట రాయలేదంతే, ఇదీ ఒక మోసమేనా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. చీటీ నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది. చిన్నకోడలు దాన్ని నోటుపుస్తకంలో పెట్టుకుని, కాస్సేపు కళ్ళతోనే నవ్వింది.

ఆ తర్వాత మూడు వారాలు చెప్పడానికి వ్యవధి లేకపోలేదు. ఎదురుగా కుర్చీలోనే అల్లేది ఆ పిల్ల. లేతాకుపచ్చ ఊలు, ఒక్క కుట్టు వదులు లేదు, ఒక్కటి బిగువు లేదు. రెండు భుజాలూ దగ్గరకు చేర్చి కుడుతున్న రోజున పెద్దకోడలు ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నోటిదాకా వచ్చింది మాట. అప్పుడే అత్తగారు అటుగా వస్తూ, ఈ ఇంట్లో ఇంత చక్కటి స్వెటర్ ఇంతవరకు చూడలేదంది. పదకొండు స్వెటర్లు అల్లిన మనిషి ముందు! వచ్చిన మాట వచ్చినట్టే వెనక్కి పోయింది.

బిడ్డకు రెండో నెల వచ్చాక ఆడపడుచు తీసుకొచ్చింది. హాల్లో అందరూ చుట్టూ చేరారు. చిన్నకోడలు స్వెటర్ ఇస్తూ చేతులు చీరకు తుడుచుకుంది, చెమట పట్టినట్టుంది. ఆడపడుచు బిడ్డ తలకు తొడగబోయింది. నుదుటి దగ్గర ఆగిపోయింది. కొంచెం లాగింది. చెవి మడతపడి బిడ్డ కెవ్వుమంది. మొహమంతా ఊలులో కూరుకుపోయి, కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తుంటే ఆడపడుచు కంగారులో ఇంకా లాగింది. చిన్నకోడలే గబగబా వేళ్ళు దూర్చి వెనక్కి తీసింది. బిడ్డ చెవి ఎర్రగా కందిపోయింది.

తల ఎంతుంటుందో చూసుకోవద్దూ అని అత్తగారు విసుక్కుంది. అందుకే పెద్దదాని చేత చేయించాలి అని కూడా అంది. ఆ మాట కోసమే కదా పెద్దకోడలు మూడు వారాలు ఎదురుచూసింది! తీరా చెవిన పడేసరికి తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. కళ్ళు ఆ ఎర్రటి చెవి మీదనుంచి పక్కకు రాలేదు.

"నేనే ఎక్కడో తప్పు చదివుంటానత్తయ్యా" అంది చిన్నకోడలు.

ఆడపడుచు బిడ్డను తీసుకుని గదిలోకి వెళ్ళింది. అత్తగారు వెనకే వెళ్ళింది. ఇద్దరు కోడళ్ళూ వంటింట్లోకి వచ్చారు. చిన్నకోడలు స్వెటర్ బల్ల మీద పరిచి, పక్కన చీటీ విప్పిపెట్టి, ప్రతి వాక్యం మీదా వేలు పెట్టి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. తర్వాత నోటుపుస్తకం పెద్దకోడలి ముందుకు జరిపింది.

"తప్పెక్కడుందో నాకు తెలియడం లేదక్కా. మీరు చూసి ఇందులో రాయండి. ఇంకోసారి చెయ్యను."

అది చెప్పి కుళాయి దగ్గరకెళ్ళి మొహం కడుక్కోసాగింది.

పెద్దకోడలు ఆ నీలం అట్ట తెరవడం అదే మొదటిసారి. మొదటి పేజీలోనే ఉంది పట్టిక. ఎవరి దగ్గర ఏది నేర్చుకోవచ్చో, ఎవరిని ఎంతవరకు నమ్మొచ్చో, వరసగా అంకెలు వేసి రాసుకుంది. ఒక వీడియో గురించి: చేతులు బాగా కనపడతాయి, మాట వినపడదు. ఒక లావుపాటి పుస్తకం గురించి: బొమ్మలు మంచివి, లెక్కలు తప్పు. అన్నిటికంటే కింద, ఎనిమిదోది ఊలు కొట్టావిడ: ఊలు కొంటేనే చెప్తుంది. అన్నిటికంటే పైన, ఒకటో అంకె దగ్గర: అక్క. పుస్తకంలో భుజం వేరేగా ఉంది, అయినా అక్క చీటీయే ఖాయం. పదకొండు మందికి అల్లిన చెయ్యి.

పెద్దకోడలికి ఆ వరస దాటి చూపు కదల్లేదు. ఇంతకాలం ఈ పుస్తకం తనను తోసేసి ముందుకు పోయే పుస్తకమనుకుంది. తీరా చూస్తే అందరికంటే పైన కూర్చోబెట్టింది తననే. పెన్సిల్ తీసుకుని ఖాళీ పేజీలో, అవే గుండ్రటి అక్షరాలతో, ఆ రోజు రాయని వాక్యం రాసింది. ఎడమ భుజం, గుండీల పట్టీ, రెండు గుండీలు.

చిన్నకోడలు తడిమొహంతోనే వచ్చి చదివింది. చీటీ పక్కన పెట్టి పోల్చి చూసింది.

"చీటీలో రాయడం మర్చిపోయారా?" అని అడిగింది.

ఎంత సులువైన దారి! అవునంటే సరిపోయేది.

"లేదు" అంది పెద్దకోడలు. "తెలిసే రాయలేదు. ఓర్వలేకపోయాను."

చిన్నకోడలు ఏడవలేదు, అరవలేదు. స్వెటర్ ఆవిడ ఒడిలో పడేసింది.

"విప్పండి. ఎక్కడిదాకా విప్పాలో మీకు తెలుసుగా."

పెద్దకోడలు ఎడమ భుజం కుట్టు ఊడదీసి, మెడ పట్టీ విప్పింది. నొప్పి వేళ్ళు సహకరించకపోయినా ఆపలేదు. విప్పుతున్న ఊలుని చిన్నకోడలు ఉండలా చుట్టింది. నీళ్ళ కోసం వచ్చిన ఆడపడుచుకు, తప్పు తనదేనని పెద్దకోడలే చెప్పింది. ఆడపడుచు ఒడిలో ఉన్న స్వెటర్ వంక చూసింది. గ్లాసు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు పెద్దకోడలికి దెబ్బలాగే తగిలింది.

ఉండ చుట్టడం అయ్యాక చిన్నకోడలు పెన్సిల్ అందుకుని పట్టికలో ఒకటో వరస కొట్టేసింది. తొమ్మిదో అంకె వేసి, కొట్టావిడ కింద రాసింది: అక్క. బాగా తెలుసు. పుస్తకంతో సరిచూసుకోవాలి.

ఊలు కొట్టావిడ కంటే కిందనా అని పెద్దకోడలికి చురుక్కుమంది. కానీ నోరెత్తే మొహమెక్కడిది?

"గుండీల పట్టీకి ఎన్ని కుట్లు ఎత్తాలి?" అని అడిగింది చిన్నకోడలు. అక్కా అనలేదు.

"పద్దెనిమిది."

చిన్నకోడలు లేచి వెళ్ళి, గ్రంథాలయం పుస్తకం తెచ్చి, పేజీ వెతికి చూసుకుంది. ఆ తర్వాతే పద్దెనిమిది కుట్లు ఎత్తింది.