ఫెదర్‌టాప్ వైపు తలుపు

కొండెక్కేవాళ్లు ఆగడానికి కట్టిన మా గుడిసె దగ్గరి పాత మరుగుదొడ్డికి తలుపు లేదు. ఏదో చలికాలం గాలి ఎత్తుకుపోయింది. మళ్లీ ఎవరూ పెట్టలేదు. లోపల కూర్చుంటే ఎదురుగా ఫెదర్‌టాప్ కొండ, నెత్తిన మంచు. లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి దారి పక్క మోడుకి టోపీ తగిలించేవాళ్లం. టోపీ లేనివాళ్లు పాట పాడేవాళ్లు.

ఆ గొయ్యి నిండిపోయింది. వాగుకి దూరంగా కొత్తది పెట్టాలన్నారు ఆ కొండల్ని చూసుకునే పార్కువాళ్లు. గది తయారుగా హెలికాప్టర్లో వస్తుంది, గొయ్యి తవ్వి బిగించే పని మాది. మెల్‌బోర్న్ గుర్రప్పందేల సెలవులకి ఊరంతా సముద్రం వైపు పోతే, మేం కొందరం పలుగూ పారా మోసుకుని కొండెక్కుతాం. జీతం లేదు. సాయంత్రం మాంసం కాల్చుకోవడం, ఒకళ్లనొకళ్లు దెప్పుకోవడం ఉంటాయి.

మెర్విన్ మా పెద్ద. తపాలా ఆఫీసులో చేసి దిగిపోయాడు, కాగితంలో ఏముంటే అదే. డల్సీ పాడి రైతు, మెర్విన్‌ని చెడ్డీల్లో చూసిన మనిషి. గుడిసెకి రేకులు వేసిన నాటి నుంచీ వస్తోంది. ఇప్పుడు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. దారంతా ఆగి ఆగి ఎక్కింది.

"తలుపు గుడిసె వైపు రావాలి" అన్నాడు మెర్విన్, ప్లాను విప్పి.

"గుడిసె వైపా? నీ మొహం చూస్తూ కూర్చోవాలా మెర్వీ?"

"తలుపేసుకుంటే ఎవరి మొహమూ కనబడదు."

"ఇంత కొండెక్కింది తలుపు చూడ్డానికా? వచ్చే ఏడు ఎక్కలేన్రా. ఫెదర్‌టాప్‌ని చూస్తూ ఒక్కసారి కూర్చుని దిగిపోతాను."

"ప్లాన్లో అలా లేదు డల్సీ."

"ఆ ప్లాను గీసినవాడి ఆఫీసుకి మంచి కిటికీ ఉండి ఉంటుంది."

గొయ్యి తవ్వడానికి మోకాళ్లు ఒప్పుకోవు కాబట్టి డల్సీకి తాడు పని ఇచ్చారు. గది గాల్లో వేలాడుతూ దిగుతుంటే, దానికి కట్టిన రెండు తాళ్లనీ కిందినుంచి ఇద్దరు పట్టుకుని సరిగ్గా తిప్పాలి. రెండోది నా చేతికిచ్చారు.

హెలికాప్టర్ వచ్చింది. దుమ్మూ ఎండుగడ్డీ లేచి మెర్విన్ కళ్లు మూసుకున్నాడు. డల్సీ నావైపు చూసింది. నేను కొండవైపు చూశాను. ఆమె తాడు లాగింది. నా తాడు కాస్త వదులైంది. దుమ్ము అణిగేసరికి గది గొయ్యి మీద కూర్చుంది, తలుపు ఫెదర్‌టాప్ వైపు. హెలికాప్టర్ అప్పటికే లోయ దాటిపోయింది.

"ఎవరు తిప్పారిది?" అని అరిచాడు మెర్విన్.

"గాలి" అంది డల్సీ.

గాలి ఎక్కువగానే ఉందని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

మర్నాడు పొద్దున్నే డల్సీ వెళ్లింది. తలుపు బార్లా తీసుకుని, ఒళ్లో దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఎండ అప్పుడే మంచుకి తగులుతోంది. కొత్త చోటు ముందునుంచే కొండదారి పైకొస్తుందన్న సంగతి ప్లాను గీసినవాడికి తప్ప మాకెవరికీ తట్టలేదు. మలుపు తిరిగి సెలవులకొచ్చిన పట్నంవాళ్ల గుంపొకటి నేరుగా ఆమె ఎదటికి ఎక్కింది. ముందున్నాయన కొయ్యబారిపోయి, ఏం చెయ్యాలో తెలీక టోపీ ఎత్తాడు.

"గుడ్ మార్నింగ్!" అంది డల్సీ, కూర్చున్న చోటునుంచి కదలకుండా. "నీళ్ల పీపా గుడిసె వెనకుంది, కాచుకుని తాగండి. నన్నేం చూస్తారు? వెనక్కి తిరగండి, కొండ అటుంది!"

అందరూ చటుక్కున వెనక్కి తిరిగారు. చాలాసేపు చూశారు.

మెర్విన్ మొహం ఎర్రబడింది. "అందుకే కదా చెప్పాను! ఇప్పుడు దీన్ని తిప్పాల్సిందే."

"తిప్పు. బోల్టులన్నీ నిన్న నువ్వే బిగించావుగా" అంది డల్సీ.

గదిని ఎత్తి తిప్పాలంటే హెలికాప్టర్ రావాలి, అది మళ్లీ వచ్చే ఏడే. మెర్విన్ రేడియోలో పార్కు అమ్మాయికి చెప్పుకున్నాడు. అటునుంచి కాసేపు నవ్వే వినబడింది. తర్వాత, "గది కదలకపోతే దారి జరపండి. చెట్లు మాత్రం కొట్టకండి" అంది.

దాంతో మధ్యాహ్నం నుంచి పలుగులు పట్టుకుని దారిని నీలగిరి చెట్ల వెనక్కి మళ్లించడం మొదలెట్టాం. ఎంత దూరం జరిపితే చాలో ఎవరో ఒకరు లోపలినుంచి చూసి చెప్పాలి. మూత వేసిన సీటు మీద డల్సీ తీరిగ్గా కూర్చుంది.

"ఇంకాస్త ఎడమకి! మెర్వీ బట్టతల కనబడుతోంది!"

"ఇప్పుడో?" చెట్ల వెనకనుంచి మెర్విన్ రొప్పుతూ అడిగాడు.

"మెరుస్తోంది!"

పొద్దు వాలుతుంటే నేను టీ పట్టుకెళ్లాను. ఆమె పక్కన నిలబడి చూశాను. మంచు మీద గులాబీ రంగు ఎక్కుతోంది. దారి లేదు, మనుషులు లేరు, మెర్విన్ తల అసలే లేదు. ఎదురుగా ఫెదర్‌టాప్ ఒక్కటే.

డల్సీ కప్పు అందుకుని, నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ఇంకాస్త అవతలకి, మెర్వీ!" అని కేకేసింది.