పాయకూ మాత్రకూ ఒకటే తలుపు

గుళ్లో ఆడే వేళ్లు ఇంట్లో ఎందుకు ఆడవు? ఈ దిగులుతో కల్లూరు మౌలాబికి కంటి మీద కునుకు లేదు.

మొగుడు మదార్ సాహెబ్ ఆంజనేయస్వామి గుడిలో సన్నాయి వాయిస్తాడు. తాతల నాటి నుంచీ ఆ గుడికి దూదేకుల వారి మేళమే. రెండేళ్ల కింద ఆయనకు వణుకు జబ్బు పట్టింది. శనివారం పొద్దున ఏమీ తినకుండా, నీళ్లతో మాత్ర మింగి గుడికి పోతే వేళ్లు చక్కగా కదులుతాయి. మిగతా రోజుల్లో అదే మనిషి, అదే మాత్ర, వేళ్లు మాత్రం కొయ్యముక్కలు. అంతా స్వామి మహిమ అన్నారు జనం. మహిమే కానీ, శనివారం ఒక్కటీ తనకుంచుకుని తక్కిన వారమంతా మనిషిని ఇట్లా పంపిస్తే ఎట్లా?

ఆదివారం మనవరాలు షాహీనా పెళ్లి. తన సన్నాయితోనే పెళ్లికొడుకు గడప తొక్కాలని ముసలాయన పట్టు. ఆ రోజు వేళ్లు బిగుసుకుపోతే ఆయన ఇక జన్మలో సన్నాయి ముట్టడని మౌలాబికి తెలుసు. అందుకే బలానికని పొద్దున ఇచ్చే మేకకాళ్ల పాయ మరింత చిక్కగా కాచి తాగించింది. వేళ్లు ఇంకా మొండికేశాయి. ఏడుపొక్కటే తక్కువగా ఆయన్ను కర్నూలుకు తీసుకుపోయింది.

"మాత్ర ఎట్ల మింగిస్తాండావమ్మా?" అడిగింది డాక్టరమ్మ శివజ్యోతి.

"కడుపు నిండా పాయ తాగిచ్చి, ఆపైన. ఉత్త కడుపున మందేస్తే పేగులు కాలవా తల్లీ?"

డాక్టరమ్మ నవ్వలేదు. "పేగు ఉత్త గొట్టం కాదమ్మా. దాని లోపలి పొర పానమున్న కాపలా. ఎవర్ని పోనియ్యాల్నో అదే తేలుస్తాది. వచ్చిన మందులో శానా ఆడనే విరిచేస్తాది. అందుకే దాన్ని విరగనీకుండా ఈ మాత్రలో ఇంకో మందు తోడు పెట్టినారు. మిగిలింది లోపలికి పోవాలంటే ఒక తలుపుండాది. మాంసం అరిగినంక వచ్చే సారం గూడా ఆ తలుపులోంచే పోతాది. నీ పాయ గుంపుగా పోయి నిలబడితే మందు బయటే ఉండిపోతాది. ముందు మాత్ర మింగించు. పాయ తర్వాత, గంట ఆగి."

మౌలాబి ఆయనతో ఊరికి తిరుగుముఖం పట్టింది. షేర్ ఆటోలో కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ ముద్దలు మింగుతోంది, లోపల ఇంత దర్బారు నడుస్తోందని ఎవరైనా చెప్పారా! కంటికి కనబడని ఆ పొర ఒక్కో మెతుకునూ ఆపి నువ్వెవరని అడుగుతుందట. నిద్రలో కూడా అడుగుతుందట. యా అల్లా, ఏం పనితనం! అంతలోనే కళ్లు నిండాయి. ఇన్నాళ్లూ ఆయన వేళ్లను కట్టేసింది తన చేతి వంటే.

ఆదివారం షామియానా కింద బిర్యానీ గుండిగలు దిగాయి. మొగుడికి నీళ్లతో మాత్ర మింగించి మౌలాబి పక్కనే కూర్చుంది. తానూ మెతుకు ముట్టలేదు. పెళ్లికొడుకు తండ్రి ఇలియాస్ ముందుగానే వచ్చి, ఇది చూసి తనే ప్లేటు పట్టుకొచ్చాడు.

"పెద్దాయన పస్తుంటే మేమెట్ల తినేది పెద్దమ్మా?"

మగపెళ్లివారి మాట కాదంటే ఎంత రభస! అయినా మౌలాబి లేచి అడ్డం నిలబడింది.

"ఇప్పుడొద్దప్పా! లోపల మందు తలుపు దాటతాండాది. ఆడ తొక్కిసలాట చెయ్యొద్దు."

అందరూ గొల్లున నవ్వారు. ఆమె మాత్రం ఆయన వేళ్లనే చూస్తోంది. బయట పెళ్లికొడుకు కారు ఆగింది. మదార్ సాహెబ్ సన్నాయి ఎత్తాడు. చూపుడు వేలు లేచింది, దాని పక్కది లేచింది, తర్వాత అన్నీ. షామియానాలో నవ్వులు ఆగిపోయాయి.

పెళ్లికొడుకు గడప దాటాక ఆయన సన్నాయి దించి మౌలాబి వైపు తిరిగాడు.

"ఇంకనన్నా పెట్టవే. ఆకలి సంపతాండాది."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఇంత తియ్యగా ఎన్నడూ వినలేదు మౌలాబి. ఏడుస్తూనే ముద్ద కలిపింది.