కోటు చేతికి ఎర్ర క్లిప్పు

నలభై తొమ్మిదో రోజు కర్మ అయ్యాక, నెగిషి అట్టపెట్టె పట్టుకుని నాగఓకాలోని ఫుసాయె ఇంటికి వచ్చాడు. బ్యాటరీలు పరీక్షించే ప్రయోగశాలలో, చనిపోయిన ఆమె కూతురు కొజుయెకి పై అధికారి అతనే. పెట్టె చాప మీద పెట్టి, వంచిన తల ఎత్తలేదు.

ఫుసాయె అడగాలనుకున్నది ఒక్కటే. ఇంత జాగ్రత్త గల పిల్ల ఎర్త్ వైరు బిగించడం ఎలా మరిచింది?

తల్లి భయాలన్నీ మోస్తూ పెరిగిన పిల్ల అది. కొత్త సంవత్సరానికి తినే జిగురు బియ్యపుముద్ద, మోచి, గొంతులో అడ్డం పడుతుందని గోరంత ముక్కలు కోసి పెట్టేది ఫుసాయె. ఇంటికప్పు మీది మంచు నెత్తిన జారుతుందని గోడవార నడవనిచ్చేది కాదు. "పిడుక్కి ఫోన్ నంబరుంటే, ఇవాళ ఎక్కడ పడుతున్నావని దాన్నీ అడుగుతావే అమ్మా" అనేది కొజుయె.

పెట్టెలో టీ కప్పు, చెప్పులు, మడతపెట్టిన తెల్లకోటు. కోటు చేతికి బట్టలారేసే ఎర్ర క్లిప్పు ఒకటి ఉంది.

అదేమిటని అడిగింది. నెగిషి మెల్లగా చెప్పాడు. కొలత తీస్తుంటే ఒక్కోసారి తెర మీద గీత వణుకుతుంది. ఎర్త్ వైరు ఊడదీస్తే నిలుస్తుంది. తియ్యకూడదు, కానీ అందరూ తీస్తారు. అందుకని తీసినవాళ్ళు గుర్తుకి కోటు చేతికి క్లిప్పు పెట్టుకోవాలి, వైరు మళ్ళీ బిగించాకే క్లిప్పు తియ్యాలి. ఆ రోజు పాత యంత్రంలో లోపల తీగ ఒరుసుకుపోయి, పైరేకుకి కరెంటు వచ్చింది. కొజుయె తడిచేత్తో దాన్ని ముట్టుకుంది.

"క్లిప్పు చేతికే ఉంటే ఎలా మరిచింది బాబూ?"

"అప్పుడు కోటు వేసుకుని లేదమ్మా. రసాయనాలంటిన కోటుతో వరండాలోకి వెళ్ళకూడదు. విప్పి కొక్కేనికి తగిలించి వెళ్ళింది. తిరిగొచ్చి అలాగే పనిలో పడిపోయింది."

"వరండాలోకి ఎందుకెళ్ళింది?"

నెగిషి చాప అంచు నిమిరాడు. "ఏదో ఫోను వచ్చింది. అయిదూ ఇరవైకి. ఎవరిదో మేం అడగలేదు."

ఆ రోజు ఆ వేళకి, తను పనిచేసే బడి వంటశాలలో గిన్నెలన్నీ కడిగేసి బస్టాపులో నిలబడి ఉంది ఫుసాయె. కూతురి అద్దె గదికి బట్టలుతికే కొత్త మిషను వచ్చిన రోజు. మనసు ఆగక ఫోన్ చేసింది. మిషను వెనక ఆకుపచ్చ వైరుంటుంది, గోడకి బిగించావా అని అడిగింది. "బిగించానమ్మా, గట్టిగా బిగించాను. నువ్వు హాయిగా ఇంటికెళ్ళు" అని నవ్వింది కొజుయె. ఆ రాత్రి అన్నం కూడా తృప్తిగా తిన్నది తను, కబురు వచ్చేదాకా.

"నాదే," అంది ఫుసాయె.

నెగిషికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, తప్పంతా తమదేననీ, పాత యంత్రాన్ని వాడనివ్వడమే నేరమనీ గబగబా చెప్పుకుపోయాడు. ఆమెకి వినపడ్డట్టు లేదు. కోటు ఒళ్ళోకి తీసుకుని చేతిముడత సర్దుతూ కూర్చుంది. అతను ఆ క్లిప్పు చూడలేక తీసెయ్యబోయాడు.

"ఉండనీ బాబూ," అని చెయ్యి అడ్డం పెట్టింది. "అది ఇంకా వైరు బిగించలేదుగా."