రెండు-నాలుగు చెయ్యి

ఆ ఇంట్లో కంప్యూటర్ ఒకటే. అది ఆఫియాది. దాని మీద పెత్తనం మాత్రం అన్న సుఫియాన్‌ది.

ఆఫియా ఎంబ్రాయిడరీ డిజైన్లు గీస్తుంది. బ్లౌజు మెడకో దుపట్టా అంచుకో పువ్వులూ తీగలూ గీసి, ఏ కుట్టు తర్వాత ఏ కుట్టు పడాలో చెప్పి పంపిస్తే, కార్ఖానాలో మిషన్ అచ్చం అలాగే కుడుతుంది. సైదాబాద్‌లో ఇంటి ముందుగదిలో కూర్చుని చేసే పని. మాదన్నపేటలో మిషన్లు నడిపే ప్రేమ్‌రాజ్ ఈమధ్యే ఆమె పనితనం చూసి, పెళ్లిళ్ల సీజన్ పనంతా నీకే ఇస్తానన్నాడు. ఇన్నాళ్లూ అడపాదడపా దొరికిన పనే తప్ప, నిలకడగా ఒకరు పని ఇస్తాననడం ఇదే మొదలు. ఆ మాట పోకుండా చూసుకోవడమే ఇప్పుడు ఆమెకున్న ఒకే ఒక బెంగ.

సుఫియాన్‌కు లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం. చనిపోయిన తండ్రి పెట్టింది. సుఫియాన్ మంచివాడే, చెల్లెలంటే ప్రాణం. అదే వచ్చిన చిక్కు. గిరాకీ లేనప్పుడల్లా ఫోన్లో కంప్యూటర్ల వీడియోలు చూస్తాడు. ఎక్కడో ఎవరో తన బల్లను ముస్తాబు చేసుకుంటే, నాలుగు రోజుల్లో ఆ ముస్తాబు ఆఫియా బల్ల మీదికి రావాల్సిందే. ఆమెకు అది కావాలా వద్దా అన్నది అతని బుర్రకు తట్టదు.

మొదట కీబోర్డు వచ్చింది. నొక్కితే పక్కింటి దాకా వినబడుతుంది. అక్షరాల కింద ఎర్రగా, పచ్చగా, నీలంగా లైట్లు పరిగెడతాయి. అమ్మ కుల్సుమ్ అది చూసి, పెళ్లి బరాత్ ఇంట్లోకే వచ్చిందని నవ్వింది. ఆఫియాకు నవ్వు రాలేదు. తర్వాత తెరను పట్టుకునే ఇనుప చెయ్యి వచ్చింది. అడ్డంగా ఉండాల్సిన తెర నిలువుగా తిరిగింది. అలాగైతే బల్ల మీద జాగా మిగులుతుందట. మిగిలిన జాగాలో ఇంకో లైటు పెట్టాడు. ఆ తర్వాత మౌస్. పెద్ద వంకాయంత ఉంది, పక్కన వరసగా బటన్లు. పాత మౌసుకు ఒక పక్క టేపు అంటించి ఉండేది, చక్రం తిప్పితే కిరకిరమనేది. అయినా ఆమె వేళ్లకు అది తెలుసు. దాన్ని తీసి ఎక్కడ పడేశాడో కూడా చెప్పలేదు.

ఆమె గొణిగిన ప్రతిసారీ ఒకటే సమాధానం.

"రెండు దినాలైతే అలవాటైతది, ఫికర్ చెయ్యకు."

రెండు దినాలు పోయి వారాలు గడిచాయి గానీ అలవాటు కాలేదు. ప్రేమ్‌రాజ్‌కు మెడ డిజైన్ పంపాల్సిన రోజు పొద్దున కూర్చునేసరికి, మౌస్ బటన్ల పనులు కూడా మారిపోయి ఉన్నాయి. చెల్లెలికి పని తేలికవుతుందని, బొటనవేలి దగ్గరి బటన్‌కు చెరిపేసే పని అప్పగించాడు. మంచి బుద్ధితోనే చేశాడు, ఎవరు కాదన్నారు? కానీ ఆ మౌస్ ఆమె చేతికి పెద్దది. జారకుండా గట్టిగా పట్టుకుంటే బొటనవేలు వెళ్లి ఆ బటన్ మీదే పడుతుంది. ఎంచుకున్న పువ్వును అలాగే వదిలి, పక్క కొమ్మను తెర మీద పెద్దగా చేసి చూస్తుంటే, బొటనవేలు తగిలి, తెరకు అందని చోట ఉన్న ఆ పువ్వు కాస్తా చెరిగిపోయింది. మునుపైతే పంపేముందు డిజైన్ మొత్తాన్ని ఒక్క చూపులో సరిచూసుకునేది. ఈ నిలువు తెరలో అది సగం సగంగానే కనబడింది. ఇచ్చిన గడువు దగ్గరపడింది, పంపేసింది.

మధ్యాహ్నం ప్రేమ్‌రాజ్ ఫోన్ చేశాడు. కోప్పడలేదు, అదే ఆమెకు మరింత గుచ్చుకుంది. మెడ మధ్యలో పువ్వు లేకుండానే మిషన్ కుట్టేసిందనీ, పాడైన బట్ట తనది కాదు పెళ్లివాళ్లదనీ, వాళ్లకు ఏం చెప్పాలో తోచడం లేదనీ అన్నాడు. సీజన్ పని వేరేవాళ్లకు ఇస్తానని చివర్లో మెల్లగా చెప్పాడు. ఆఫియా సరే అంది. ఫోన్ పెట్టేసి, రంగులు పరిగెడుతున్న ఆ కీబోర్డును చూస్తే ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి సంగతి విన్న సుఫియాన్ నిజంగానే బాధపడ్డాడు. బాధపడి, బాగా ఆలోచించి, కాలితో తొక్కే పెడల్ ఒకటి వచ్చిందనీ, అది పెట్టుకుంటే చేతికి శ్రమే ఉండదనీ చెప్పాడు. ఆఫియా అన్నం ముందు నుంచి లేచిపోయింది.

మర్నాడు పొద్దున, అతను స్నానానికి వెళ్లగానే, దుకాణం తాళాలు తీసుకుని ఆటో ఎక్కింది.

ఆ దుకాణంలో గాజులు సైజు ప్రకారం ఉంటాయి. కింది అరల్లో పిల్లలవి, వాటి పైన రెండు-నాలుగు, ఆపైన రెండు-ఆరు, అన్నిటికన్నా పైన రెండు-ఎనిమిది. తండ్రి నాటి నుంచీ అదే వరస. సుఫియాన్ వచ్చినవాళ్ల చెయ్యి ఒకసారి చూస్తాడు, వెనక్కి తిరగకుండానే అరలోకి చెయ్యి చాపుతాడు, కావాల్సిన డబ్బా చేతిలోకి వస్తుంది. ఆఫియా డబ్బాలన్నీ కిందికి దించింది. సైజుల ఊసెత్తకుండా రంగుల ప్రకారం సర్దింది. ఒక గోడంతా ఎరుపు, ఒక గోడంతా ఆకుపచ్చ, మూలన బంగారు రంగు. చూడటానికి ముచ్చటగానే ఉంది.

దుకాణానికి బయల్దేరే వేళకు తాళాలు కనబడక ఇల్లంతా వెతికి, సుఫియాన్ ఆదరాబాదరా వచ్చేసరికి, ఒక తల్లీ, పెళ్లికూతురు కాబోయే ఆమె కూతురూ దుకాణంలో కూర్చుని ఉన్నారు. అతను పిల్ల చెయ్యి చూసి రెండు-ఆరు అన్నాడు, అలవాటు కొద్దీ వెనక్కి చెయ్యి చాపాడు. చంటిపిల్లల గాజులొచ్చాయి. మళ్లీ చాపాడు, రెండు-ఎనిమిది వచ్చాయి. అప్పుడు తిరిగి చూసి నోరెళ్లబెట్టాడు. డబ్బా మీద డబ్బా తెరిచాడు, మూశాడు, చెమటలు తుడుచుకున్నాడు. తల్లి కాసేపు ఓపిక పట్టి, ఎదురు దుకాణంలో చూసొస్తామంటూ లేచింది. మళ్లీ రారని అందరికీ తెలుసు.

"ఎవరు చేసిన్రు గిది?" అన్నాడు సుఫియాన్.

"నేనే. చూడనీకి మస్తుగుంది కదా భాయ్. రెండు దినాలైతే అలవాటైతది."

అతను అరవబోయి ఆగిపోయాడు. ఆఫియా రాత్రి నుంచీ ఈ మాట అనడం కోసమే కాచుకుని ఉంది. తీరా అన్నాక అనుకున్నంత సంతోషం కలగలేదు. లేచి వెళ్లిన పిల్ల మొహం గుర్తొచ్చింది, ప్రేమ్‌రాజ్ గొంతూ గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ముక్కూమొహం తెల్వని ఆడపిల్ల వచ్చి కూసున్నా చెయ్యి చూసి సైజు చెప్తవ్. గంత పెద్ద మౌస్ తెచ్చినప్పుడు నా చెయ్యి చూసినవా?"

సుఫియాన్ దగ్గరికొచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. బొటనవేలి పక్కన ఎర్రగా కందిపోయి ఉంది.

"రెండు-నాలుగు," అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ కూర్చుని గాజులు మళ్లీ సర్దారు. ఆమెకు సైజులు తెలియవు కనక, ప్రతి డబ్బాలోంచీ ఒక గాజు తీసి తన చేతికి పెట్టి చూపించింది. అది ఏ అరలోకి వెళ్లాలో అతను చెప్పాడు. తర్వాత ఆమెను దుకాణంలో కూర్చోబెట్టి తను మాదన్నపేట వెళ్లొచ్చాడు. తప్పు తనదేనని చెప్పుకున్నాడట. సీజన్ పని అప్పటికే చేతులు మారిపోయింది, అది తిరిగి రాలేదు. ఒక చిన్న దుపట్టా అంచు మాత్రం గీసి పంపమన్నాడు ప్రేమ్‌రాజ్. ఆ తర్వాత సంగతి చూద్దామన్నాడు.

సాయంత్రానికి తెర మళ్లీ అడ్డంగా తిరిగింది. టేపు అంటించిన పాత మౌస్ సుఫియాన్ బీరువాలో బట్టల మధ్య నుంచి బయటికొచ్చింది. అతను పారెయ్యలేదన్నమాట. ఆఫియా చక్రం తిప్పి చూసింది, కిరకిరమంది. సుఫియాన్ బల్లను ముట్టుకోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"గీ లైట్లు ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అన్నాడు.

ఆ బల్ల విషయంలో అతను ఆమెను ఒక మాట అడగడం అదే మొదటిసారి. తీసెయ్యమంది. అతను కీబోర్డు ముందు కూర్చుని ఒక్కో బటనూ నొక్కాడు, తిరగేసి చూశాడు, ఫోన్లో వీడియో వెతికాడు. ఎర్రవి పోయి పచ్చవి వచ్చాయి. పచ్చవి పోయి అన్నీ కలిసి ఒకేసారి మెరిశాయి.

"ఎట్ల బందు చెయ్యాల్నో నాకు తెల్వది," అన్నాడు చివరికి.

ఆఫియా నెత్తి కొట్టుకుంది. కీబోర్డు మీద ఒక పాత దుపట్టా కప్పేసి, పాత మౌస్ పట్టుకుని, అంచు గీయడం మొదలుపెట్టింది.