బిళ్లకు బాకీపడ్డ బొట్టు

నేను ఒక రాగి తాయెత్తును. జనం దండం పెడుతున్నది నాకా, నా కడుపులో ఉన్నదానికా అనే సందేహం నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు.

పాలకొల్లులో ఒక కంసాలి నన్ను గొట్టంలా చుట్టి మూత బిగించాడు. ఒక స్వామీజీ నాలో మంత్రం రాసిన రేకు పెట్టి మంగతాయారమ్మగారికి ఇచ్చారు. ఆవిడ నన్ను కోడలు విశాలాక్షి మెడలో కట్టారు. ఎవరూ లేనిచోట విశాలాక్షికి తిట్లు వినపడేవి. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా గోడతో వాదిస్తూ నిలబడేది. డాక్టరు దాన్ని స్కిజోఫ్రీనియా అన్నాడు. వీధి మాత్రం గాలి సోకిందంది. డాక్టరు ఒక్కడు, వీధిలో చాలామంది. వీధే నెగ్గింది. ఆ మందులు వాడితే మనిషి మొద్దయిపోతుందని అత్తగారు బిళ్లలన్నీ తూములో పారేశారు.

తల్లికి ఎదురు చెప్పలేని కొడుకు ఒక ఉపాయం పన్నాడు. రేకును భక్తిగా దేవుడి పటం వెనక దాచి, రోజూ ఒక బిళ్ల నాలో పెట్టేవాడు. సాయంత్రం దీపం వెలిగించాక విశాలాక్షి నన్ను కళ్లకద్దుకునే వంకతో దాన్ని మింగేసేది. కొన్ని వారాలకు తిట్లు సన్నగిల్లాయి. పాలు పొంగకుండా దిగాయి. ఇక నా వైభవం చూడాలి. శుక్రవారం వస్తే పసుపు, బొట్టు, సాంబ్రాణి. దేవుడి మీద నాకూ నమ్మకమే. అయినా ఆ పొగ పీలుస్తూ, ఇది నాకు చెందుతుందా అని గొణుక్కుంటూనే ఉండేదాన్ని.

ఒకనాడు పక్కింటి కనకరత్నం వచ్చింది. వాళ్ల తమ్ముడికీ అలాంటి మాటలే వినపడుతున్నాయట. ఆస్పత్రి మందులు మాన్పించామని చెప్పి, నన్ను ఇస్తే అతనికి కడతానని అడిగింది. అత్తగారు గర్వంగా నా తాడు విప్పబోయారు.

విశాలాక్షి ఆవిడ చెయ్యి పట్టుకుంది. చెబితే ఇంట్లో తన మందు మళ్లీ తూము పాలవుతుందేమో. చెప్పకపోతే ఆ అబ్బాయికి ఖాళీ గొట్టం దక్కుతుంది. నా మూత తీసి బిళ్లను అరచేతిలో వేసుకుంది.

"నన్ను నిలబెట్టింది ఇదండి, అత్తయ్యగారూ."

అత్తగారు బిళ్ల మీదికి వంగి చూశారు. "అయితే ఇన్నాళ్లూ నా సాంబ్రాణంతా దీనికేనటే?"

"కొంత స్వామికీ అందే ఉంటుందండి."

ఆవిడ కోపం తెచ్చుకోబోయి, పొయ్యి మీద పొంగకుండా కాగుతున్న పాలకేసి చూసి ఆగిపోయారు. తర్వాత కనకరత్నం వైపు తిరిగారు.

"ముందు తమ్ముణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లవే. తాయెత్తు కావాలంటే ఆ తర్వాత చూద్దాం."

రేకు తిరిగి నా కడుపులో చేరింది. ఆ శుక్రవారం అత్తగారు బిళ్లల అట్టను స్వామి ముందు పెట్టి, ఉంగరపు వేలితో దానికి కుంకుమ అద్దారు. ఇన్నేళ్లూ దానికి రావలసిన బొట్టును నేను తిన్నాను; ఆ బాకీ ఆ పూటతో తీరింది.