నీసు తిన్నరోజు బిళ్ళ

నేను ఒక కొలెస్ట్రాల్ బిళ్ళల అట్టని. మందుల ఫ్యాక్టరీలో పొడిగా పుట్టి, యంత్రం నొక్కితే బిళ్ళలనై, తళతళలాడే రేకులో ఒదిగి బయటికొచ్చాను. ఎవరి గుండెనో కాపాడబోతున్నానని అప్పట్లో మహా టెక్కు. ఇప్పుడు తల్చుకుంటే తల కొట్టేసినట్టుంటుంది.

తెనాలిలో కోటిలింగం అనే దర్జీ ఇంటికి చేరాను. ఆయన గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళాల్లో కొవ్వు పేరుకుంది. మిషను తొక్కితే చాలు, ఛాతీ పట్టేసేది. రోజుకో బిళ్ళగా ఒంట్లోకి వెళ్ళి, ఆ పూడిక పెరగకుండా చూడటం నా పని.

ఆయన భార్య సామ్రాజ్యమ్మ నన్ను పోపుల పెట్టె పక్కన భద్రంగా పెట్టింది. కొవ్వు బిళ్ళ కొవ్వు తిన్నరోజు వేసేదని ఆవిడ నమ్మకం. ఆదివారం మాంసం ఉడుకుతుంటే నాకు పిలుపొచ్చేది. "ఇంకో రెండు ముక్కలేస్కోండి, బిళ్ళుందిగా" అని కొసరి కొసరి వడ్డించేది. పప్పన్నం తిన్నరోజు మందెందుకని నన్ను ముట్టుకునేదే కాదు. ఒంట్లో కొవ్వు వారాలు చూసుకుని తయారవుతుందా? దాన్ని తయారుచేసే కాలేయానికి ఉపవాసాలుండవని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆదివారం చుట్టంలా బతుకుతున్నందుకు సిగ్గేసేది.

ఒక శనివారం, వెంకన్నకని ఒంటిపూట ఉన్న కోటిలింగం మిషను మీదే ఒరిగిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "కొలెస్ట్రాల్ బిళ్ళ సరిగ్గా వేస్తున్నారా?"

"నీసు తిన్న రోజల్లా ఏస్తన్నానండీ. ఒక్కసారి కూడా మర్చిపోలా" అంది సామ్రాజ్యమ్మ, సంచిలోంచి నన్ను తీసి ఆమె చేతికిస్తూ. గర్వంగానే అంది.

డాక్టరమ్మ ముఖం మారింది. "తిండితో పనిలేదమ్మా, రోజూ వెయ్యాలి. రక్తం అందక ఆయన గుండె కండ కొంత చచ్చిపోయింది."

సామ్రాజ్యమ్మ మంచం పట్టుకుని నిలబడింది. "అయితే నా చేతుల్తో నేనే..."

మంచం మీంచి కోటిలింగం మాట అందుకున్నాడు. "భయపడి ఏదో అంటందండీ. రోజూ ఇస్తానే ఉంది. నేనే చాటుగా పారేశా."

ఆ అబద్ధం నిలవాలంటే నా గూళ్ళు ఖాళీగా ఉండాలి. సగానికి పైగా నిండుగా ఉన్నాయి, అందరికీ కనబడేలా. ఆయన గుండెకు ఎలాగూ అక్కరకు రాలేదు, చివరికి ఆయన మాటకైనా సాయపడలేకపోయానే అని సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరమ్మ నా వంక చూసింది. సామ్రాజ్యమ్మ వంక చూసింది. నన్ను మెల్లగా గుప్పిట్లో మూసేసింది.

"ఇకనైనా పారెయ్యకండి" అని కోటిలింగాన్నే కోప్పడింది.